చిట్టిబాబు వీణ మీద పాత అభియోగం

చిట్టిబాబు పేరు ఎత్తగానే సంగీతం తెలిసినవారిలో చాలామంది ముందు ఒక మెచ్చుకోలు, ఆ వెనకే ఒక ‘కానీ’ పలుకుతారు. వేళ్ళు అద్భుతమే, కానీ అది సంప్రదాయ వీణ కాదట. రికార్డులో వినడానికి హాయిగానే ఉంటుంది, కానీ కచేరీ సంగీతం వేరట. కోయిల కూతలు, గుడిగంటలు వాయించి జనాన్ని మెప్పించాడు, కానీ గాంభీర్యం తగ్గిందట. 1936లో కాకినాడలో పుట్టి, ఈమని శంకరశాస్త్రి దగ్గర వీణ నేర్చి, 1996లో కన్నుమూసిన ఈ వైణికుడి మీద అర్ధ శతాబ్దానికి పైగా ఇదే తీర్పు నడుస్తోంది. ఎంతగా నడిచిందంటే, దాన్ని పరీక్షించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రావడం లేదు. ఆ తీర్పు మూడు నమ్మకాల మీద నిలబడింది. కృతికి మార్పులేని ఒకే ఒక మూలరూపం ఉందని మొదటిది. వీణకు పుట్టుకతో వచ్చిన ఒకే నాదం ఉందని రెండోది. సంగీతానికి అసలైన ఇల్లు సభా వేదికేనని, రికార్డు దాని నీడ మాత్రమేనని మూడోది. మన సంగీత చరిత్రే ఈ మూడింటినీ కొట్టిపారేస్తోంది. చిట్టిబాబు రికార్డులను కృతులకు చేసిన వ్యాఖ్యానాలుగా వినాలి, వ్యాఖ్యానాలుగానే తూచాలి. అలా తూచినప్పుడు అవి గట్టిగా నిలబడతాయన్నదే ఈ వ్యాసం వాదన.

మూలరూపం సంగతి ముందు తేల్చుకుందాం. త్యాగరాజు తన కృతులను స్వరపరచి గ్రంథంగా అచ్చువేయించి పోలేదు. ఆయన పాడారు, శిష్యులు విన్నారు, రాసుకున్నారు, మళ్ళీ పాడారు. ఉమయాళ్పురం, తిల్లస్థానం, వాలాజాపేట శిష్య పరంపరలు మూడు దారుల్లో ఆ పాటలను కాపాడాయి. ఆ మూడు పాఠాలూ అన్నిచోట్లా ఒకేలా లేవు. కొన్ని కృతులకు రాగం పేరులోనే తేడా వస్తుంది, సంగతుల లెక్కలో తేడా రావడమైతే మామూలే. ఈనాడు ఏ కచేరీలోనైనా వినిపించే సంగతుల్లో ఎన్ని త్యాగరాజువి, ఎన్ని తరవాతి విద్వాంసులు చేర్చినవి అన్నది విడదీసి చెప్పడం కష్టం. ‘నగుమోము’ కృతిని చూడండి. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో ఆభేరికి శుద్ధ ధైవతం. త్యాగరాజ కృతిని కూడా పూర్వం అలాగే పాడేవారని సంగీతజ్ఞులు చెబుతారు. ఇవాళ దేశమంతా పాడుతున్నది చతుశ్రుతి ధైవతంతో. ఈ పాఠం ఇంతగా స్థిరపడడానికి ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ ఇచ్చిన 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డుకు వచ్చిన ప్రచారం పెద్ద కారణం. అంటే ‘రికార్డు సంగీతం సంప్రదాయం కాదు’ అనేవారు ‘నగుమోము’ విని తల ఊపినప్పుడల్లా ఒక రికార్డు దిద్దిన సంప్రదాయానికే తల ఊపుతున్నారు.

ఇంకో సాక్ష్యం అనంతపురం జిల్లా మనిషి. కంబదూరు దగ్గరి రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతిలో అన్నమాచార్యుల రాగిరేకులను పరిష్కరించారు. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. స్వరం మాత్రం లేదు. పదిహేనో శతాబ్దపు పాట ఎలా నడిచిందో చెప్పే పరంపర తెగిపోయింది. శర్మగారు వందకు పైగా కీర్తనలకు తానే స్వరరచన చేసి, వాటిని మళ్ళీ గొంతుల మీదికి తెచ్చారు. ఆ వరసలు అన్నమయ్యవి అని ఎవరూ అనలేరు, అన్నమయ్యవి కావు కాబట్టి పాడొద్దని కూడా ఎవరూ అనలేదు. పైగా 1974లో మదరాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చి గౌరవించింది. సాహిత్యం మాత్రమే మిగిలిన చోట వరస మొత్తం కొత్తగా కట్టినవారిని నెత్తిన పెట్టుకున్న సంగీత లోకం, వరసా సాహిత్యమూ రెండూ నిలిచి ఉన్న కృతిలో మీటు బరువు, కాలం, గమకం పొడుగు తన చెవికి నచ్చినట్టు ఎంచుకున్న వైణికుణ్ణి మాత్రం సంప్రదాయం తప్పాడనడం ఏ న్యాయం?

అన్నీ రాసిపెట్టిన సంగీతంలో కూడా ఈ ‘మూలరూపం’ నిలవదు. జర్మన్ స్వరకర్త బాఖ్ 1741లో ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ అచ్చువేశాడు. అది రెండు వరసల మెట్లున్న హార్ప్సికార్డ్ కోసం రాసినది. ప్రతి స్వరమూ కాగితం మీద ఉంది. కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ దాన్ని బాఖ్ రాయని వాద్యం మీద, ఆధునిక పియానో మీద, 1955లో ఒకసారి, 1981లో మరోసారి రికార్డు చేశాడు. మొదటిది 38 నిమిషాలు, రెండోది 51 నిమిషాలు. రెండోసారి కొన్ని పునరావృత్తులు చేర్చాడు కాబట్టి ఆ తేడా మొత్తం వేగానిదే కాదు. అయితే ఎత్తుగడలో వచ్చే ఏరియా ఒక్కటి చాలు. 1955లో అది రెండు నిమిషాల లోపే ముగుస్తుంది, 1981లో మూడు నిమిషాలు దాటుతుంది. రాత అదే, చేతులు అవే, రూపాలు రెండు. హార్ప్సికార్డ్ మీద వాయించనిది బాఖ్ సంగీతం కాదని అక్కడా అన్నారు. ఆ మాట అనేవారు ఇప్పటికీ ఉన్నారు, గౌల్డ్ రికార్డులు కూడా బాఖ్‌ను అర్థం చేసుకోవడానికి తప్పనిసరి పాఠాలుగా ఉన్నాయి. స్వరం స్వరమూ రాసిన రచనకే ఒకే విద్వాంసుడు రెండు రూపాలు ఇవ్వగలిగినప్పుడు, గురుముఖతః నడిచిన మన కృతికి ఒకే రూపం ఉండాలనడం మన పద్ధతిని మనమే మరచిపోవడం.

ఇక వీణ నాదం సంగతి. చిట్టిబాబు కాంటాక్ట్ మైకు వాడాడని, అందువల్ల వీణ స్వభావం చెడిందని బలమైన ఫిర్యాదు. ‘అసలు వీణ’ అని మనం అనుకునేది ఏమిటో చూద్దాం. 24 మెట్లను మైనం మీద స్థిరంగా నిలిపి, అన్ని రాగాలూ ఒకే అమరికలో పలికేలా చేసిన ఇప్పటి సరస్వతీ వీణ పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో రూపు దిద్దుకుందని చెబుతారు. ఆ రాజు తెలుగు కవి, సంగీతజ్ఞుడు. ఆనాటి చెవికి ఈ వీణే కొత్త. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరప్ నుంచి వచ్చిన వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చారు. దాన్ని పరాయి వాద్యమని ఇవాళ అనేవారు లేరు. ద్వారం వేంకటస్వామి నాయుడు కమాను పొడుగూతా లాగి తీసిన నాదాన్ని తెలుగువారు తమ ఆస్తిగానే చెప్పుకుంటారు. గాయకుల గొంతులు కూడా మైకు వచ్చాక మారాయి. వేలమందికి వినబడాలని కేక వేసే అవసరం తీరి, మంద్రంలో మెల్లగా పలికే సౌఖ్యం గాత్రానికి దక్కింది. గాత్రానికి పనికొచ్చిన విద్యుత్తు వీణకు మాత్రం మైల ఎలా అయింది?

ఇక్కడ పని తీరు కొంచెం దగ్గరగా చూడాలి, వాదన గుట్టంతా అందులోనే ఉంది. వైణికుడు కుడిచేతి వేలితో తీగను మీటుతాడు, ఎడమచేతి వేళ్ళతో మెట్టు మీద తీగను నొక్కి పక్కకు లాగుతాడు. ఒకే మెట్టు మీద అలా లాగి రెండు మూడు స్వరాలు పైదాకా పలికించవచ్చు. గమకం పుట్టేది అక్కడే. అయితే మీటిన క్షణం నుంచే నాదం సన్నబడుతూ పోతుంది. లాగుడు చివరికి చేరేసరికి తీగలో ఊపిరి ఉండదు. అందుకని పెద్ద సభలో వాయించే వైణికుడు గట్టిగా మీటాలి, మాటిమాటికీ మీటాలి. లేకపోతే నాలుగో వరసవాడికి గమకం తోక వినబడదు. మాటిమాటికీ మీటితే పదబంధం ముక్కలవుతుంది. వీణ చెక్కకు అంటించిన కాంటాక్ట్ మైకు ఆ సన్నని తోకను పట్టి వినిపించింది. దానివల్ల మృదువుగా ఒక్కసారి మీటి, ఆ ఒక్క నాదంలోనే రాగంలోని ఒక పూర్తి ప్రయోగాన్ని లాగి ముగించడం సాధ్యమైంది. గాయకుడు ఒక గుక్కలో పాడేదాన్ని వైణికుడు ఒక మీటులో పాడగలిగాడు. ఈమని శంకరశాస్త్రి చూపిన ఈ దారినే చిట్టిబాబు చివరిదాకా నడిచాడు. గమకమే మన సంగీతానికి ప్రాణమని అందరూ ఒప్పుకుంటారు. 1904లో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు పెట్టి మరీ స్వరపరచింది, అదీ తెలుగు లిపిలో. ఆ గమకం చివరిదాకా వినబడేలా చేసిన సాధనాన్ని సంప్రదాయ విరోధి అనడం తలకిందుల తర్కం.

వీణకు మాట లేదు కదా, సాహిత్యం పలకని వాద్యం త్యాగరాజ భావాన్ని ఏం చెబుతుంది అని మరో అభ్యంతరం ఉంది. ఇది తేలికగా తోసేయదగినది కాదు. మన కృతిలో సగం ప్రాణం మాటే. అయితే వీణ ఆ మాటను పూర్తిగా వదిలిపెట్టదు. మీటు పడే చోటు హల్లు, నాదం సాగే మేర అచ్చు. సాహిత్యం తెలిసి వాయించే వైణికుడు అక్షరం పడే చోటనే మీటుతాడు, దీర్ఘం ఉన్నచోట తీగను సాగనిస్తాడు. సాహిత్యం తెలియనివాడు తాళం దెబ్బకు మీటుతాడు. కృతి తెలిసిన శ్రోతకు ఈ తేడా రెండు ఆవర్తాల్లోనే పట్టుబడుతుంది. నాదం పొడుగు పెరిగినకొద్దీ అచ్చుల సాగుదల స్పష్టమవుతుంది. అంటే పైన తప్పుపట్టిన మైకే ఇక్కడ సాహిత్యానికి అండగా నిలుస్తుంది. చిట్టిబాబు రికార్డు వింటూ శ్రోతలు తమకు తెలియకుండానే మాటలు కలిపి గొణుక్కుంటారంటే, ఆ మాటలు వీణ మీద ఏదో రూపంలో ఉన్నాయనే కదా.

ఇప్పుడు ఒక కృతిని తీసుకుని అభియోగాన్ని పరీక్షిద్దాం. చిట్టిబాబు రికార్డుల్లో ఊరూరా తెలిసినది కదన కుతూహల రాగంలోని ‘రఘువంశ సుధాంబుధి’. పాశ్చాత్య ధోరణి, జనాకర్షణ, తేలికతనం అనే మాటలన్నీ ముందు పడేది దీని మీదే. ఈ కృతి రాసినది పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్. ఆయన గురువు మానంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆ గురువుకు గురువు సాక్షాత్తూ త్యాగరాజు. రాగం ఆరోహణ చూడండి: స రి మ ధ ని గ ప స. నిషాదం దాకా ఎక్కి, గాంధారానికి దూకి, అక్కడినుంచి పంచమం మీదుగా పై షడ్జం చేరుతుంది. అవరోహణ మాత్రం మామూలుగా దిగుతుంది. ఈ వంకర నడకలోనే బ్యాండు మేళపు ఛాయ ఉంది, అది వాగ్గేయకారుడు కావాలని పెట్టినది. ఇక్కడ గమకం పెద్దగా వేస్తే రాగం ముఖం చెరిగిపోతుంది. ప్రతి స్వరమూ విడిగా, నిటారుగా నిలబడాలి. గొంతుకు ఈ గంతులు కష్టం, తీగకు సహజం. చిట్టిబాబు వాయింపులో స్వరాలు ఒకదాన్నొకటి తోసుకోవు, చిట్టస్వరంలో వేగం పెరిగినా ఒక్క స్వరం మసకబారదు. తోడిలో, భైరవిలో లాగే వైణికుడు ఇక్కడ లాగడం మానేశాడంటే అది తేలికతనం కాదు, రాగం అడిగినది ఇవ్వడం. ఇందులోని పాశ్చాత్య ఛాయను తప్పుపట్టాలంటే ముందు పట్నం వారిని తప్పుపట్టాలి. తరవాత పాశ్చాత్య బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేసిన ముత్తుస్వామి దీక్షితులను తప్పుపట్టాలి. అంత సాహసం ఎవరూ చేయరు. అందుకని బరువంతా వాయించినవాడి మీద దించుతారు.

కోయిల కూతలు, గంటల మోతలు సంగతేమిటని అడుగుతారు. ‘కొమ్మలో కోయిల’ వంటి సొంత రచనలు గొప్ప రాగవిస్తారాలని ఈ వ్యాసం వాదించదు. అవి వాద్యం చేయగలిగిన పనులను చూపే చిన్న రచనలు, వాటిలో కొన్ని మొదటిసారి వినగానే ఉండే ముచ్చట పదోసారికి ఉండదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ ఒక విద్వాంసుణ్ణి అతని చిన్న ముచ్చటలతో కొలిచి, పెద్ద పనిని ఆ కొలతలోకి కుదించడం విమర్శ కాదు. ఈమని ఎవరెస్టు ఆరోహణను ఊహించి ‘ఆదర్శ శిఖరారోహణం’ కట్టారు. ఆయనే ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపారు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయలేదు. సినిమాకు వీణ వాయించాడన్న మాట కూడా ఇలాంటిదే. 1964లో వచ్చిన తమిళ చిత్రం ‘కలైకోవిల్’ కథే ఒక వైణికుడిది, దానికి వీణ చిట్టిబాబుది. గురువు ఈమని కూడా జెమినీ స్టూడియోలో పనిచేసినవారే. మైకు ముందు ఎంత దూరంలో కూర్చోవాలి, ఎంత మెల్లగా మీటితే నాదం నిండుగా వస్తుంది, మూడు నిమిషాల్లో చెప్పాల్సింది ఎలా చెప్పాలి అన్నవి స్టూడియో నేర్పిన పాఠాలు. ఆ పాఠాలు తరవాత కృతికే ఉపయోగపడ్డాయి.

అందరూ ఆఖరున చేరే కోట ఒకటుంది: ఎంత చెప్పినా రికార్డు కచేరీ కాదు. నిజమే, కాదు. కచేరీలో మనోధర్మం ఆ పూట పుట్టి ఆ పూటే ముగుస్తుంది, ఎల్.పి. ఒక పక్క పట్టేది ఇరవై పాతిక నిమిషాలు. 78 ఆర్.పి.ఎం. కాలంలో అయితే మూడు నాలుగు నిమిషాలే. రాగాలాపన కుదించక తప్పదు, తప్పులు దిద్దుకునే వీలు ఉంటుంది. కానీ ఇవి రికార్డుకున్న నియమాలు, లోపాలు కావు. శతకానికి నాలుగు పాదాల పద్యం నియమమైతే, ప్రబంధం రాయలేదని శతకకారుణ్ణి ఎవరూ నిందించరు. దిద్దుకోవడాన్ని మోసమనేవారికి గౌల్డ్ ఇచ్చిన సమాధానం ఉంది. బాఖ్ ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ మొదటి భాగంలోని ఎ మైనర్ ఫ్యూగ్‌కు 6వ టేక్ గంభీరంగా, 8వ టేక్ ఉత్సాహంగా వచ్చాయి. విడిగా రెండూ ఏకరీతిగా తోచాయి. రెండింటినీ అతికితే ఫ్యూగ్ నిర్మాణం మెరుగ్గా తేలింది. ఆ సంగతి 1966లో తానే రాసి, రికార్డింగు తనదైన కళ అని వాదించాడు. అప్పటికి రెండేళ్ళ కిందటే అతను కచేరీలు పూర్తిగా మానేశాడు. చిట్టిబాబు కచేరీలు మానలేదు, దేశ విదేశాల్లో చివరిదాకా వాయించాడు. కాబట్టి స్టూడియో చాటున దాక్కున్నాడన్న మాట అతని విషయంలో అసలే చెల్లదు. రెండు రూపాలకూ రెండు నియమాలున్నాయని తెలిసి, రెండు చోట్లా పనిచేశాడు.

ఈ ‘నీడ’ సిద్ధాంతంలో ఇంకో అన్యాయం ఉంది, సభలున్న ఊళ్ళవారికి అది కనబడదు. గుంతకల్లు నుంచి బళ్ళారి వెళ్ళే దారిలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న విడపనకల్లు లాంటి మండలాన్ని తలుచుకోండి. మదరాసులో డిసెంబరు కచేరీల ఋతువు నడిచే రోజుల్లో ఇక్కడి నల్లరేగడిలో పప్పుశనగ పైరు ఉంటుంది. వాన మొహం చాటేసిన ఏడాది అది కూడా ఉండదు. ఇక్కడ సంగీత సభలు లేవు, టికెట్టు కొని ముందు వరసలో కూర్చునే రసికత లేదు. పండితులు అసలైన సంగీతమనేది ఈ పీఠభూమికి చేరిందంటే రేడియో ద్వారా చేరింది, గుళ్ళో మైకుసెట్టు ద్వారా చేరింది, తరవాత క్యాసెట్టు ద్వారా చేరింది. ఎక్కువ భాగం చేరినది వీణ. కారణం, తెల్లవారుజామున మాట అవసరం లేకుండా వినగలిగిన నాదం అది. రికార్డు నీడేనంటే, ఈ ఊళ్ళవారు తరతరాలుగా విన్నదంతా నీడేననీ, సంగీతం గురించి వారి చెవికి తీర్పు చెప్పే అర్హత లేదనీ అన్నట్టే. వందల మైళ్ళ అవతల ఉన్న ఒక హాలును ప్రమాణంగా పెట్టి, ఆ హాలు గడప తొక్కలేనివారి శ్రవణాన్ని కొట్టివేయడం సంగీత శాస్త్రం కాదు, అది భూగోళం చేసిన అన్యాయానికి శాస్త్రం ముద్ర వేయడం.

ప్రతిపక్షం మాటల్లో ఒక్కదానికి మాత్రం బలం ఉంది. రికార్డును పదేపదే విన్న విద్యార్థి సంగతికి సంగతి, లాగుడుకు లాగుడు నకలు తీస్తాడు. వేదిక మీద చిట్టిబాబు నకళ్ళు ఎన్నో వినబడతాయి. నాదం అదే, ముచ్చట అదే, ఆలోచన మాత్రం ఉండదు. ఇది నిజమైన నష్టం. కానీ దానికి మందు రికార్డును తక్కువచేయడం కాదు, రికార్డులను ఎక్కువచేయడం. ఒక కృతికి ఒకే రికార్డు వినేవాడు నకలు తీస్తాడు. అదే కృతిని ఈమని, చిట్టిబాబు, ఎస్. బాలచందర్ వంటివారి చేతుల్లో పక్కపక్కన పెట్టి వినేవాడు పోల్చడం నేర్చుకుంటాడు. ఎక్కడ మీటు పడింది, ఎక్కడ తీగ సాగింది, ఎవరు ఏ సంగతి వదిలేశారు అని అడగడం మొదలుపెడతాడు. ఆ ప్రశ్నే వ్యాఖ్యానానికి పుట్టినిల్లు. శ్రుతి, లయ, రాగలక్షణం, సాహిత్య జ్ఞానం ఈ నాలుగు కొలతలతో చిట్టిబాబులో దోషం చూపగలిగినవారు చూపవచ్చు, ఆ విమర్శకు ఎప్పుడూ చోటుంది. మైకు పెట్టాడని, జనానికి నచ్చాడని, రికార్డులో వినబడ్డాడని చెప్పేవి ఈ నాలుగింటిలో దేనికిందికీ రావు.

కాబట్టి సంగీత కళాశాలలు, విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు ఒక పని చేయాలి. వీణ పాఠ్యప్రణాళికలో స్వరలిపి పుస్తకాల పక్కన ఈ రికార్డులను పాఠాంతరాలుగా చేర్చాలి, పరీక్షలో వాటి మీద ప్రశ్న వేయాలి. ఆకాశవాణి తన దగ్గరున్న ఈమని, చిట్టిబాబుల టేపులను తేదీలతో, రాగతాళ వివరాలతో అందరికీ అందుబాటులోకి తేవాలి. పాఠకులకు చెప్పేదీ ఒకటుంది. ఈసారి ఎవరైనా ‘చిట్టిబాబు గొప్పే, కానీ’ అన్నప్పుడు, ఏ కృతిలో, ఏ సంగతిలో తప్పాడో చూపమనండి. చూపగలిగితే కూర్చుని విందాం. చూపలేకపోతే ఆ ‘కానీ’ని అక్కడితో ఆపమని అడుగుదాం.